గణితజ్ఞుల ఆలోచనా సరణి – గణిత బోధన

గణితశాస్త్రము పేరు వినినంతనే మనలో పెక్కుమందికి రెండు భావములు కలుగుచుండును. ఒకటి గౌరవము, రెండవది భయము. ఈ భయము శాస్త్రములో నున్నదా, శాస్త్రమును మనము నేర్పు విధములో నున్నదా యను ప్రశ్న విచారింపదగినది. గణితజ్ఞుడు ఒక సత్యమును కనుగొనునప్పుడు అతని మనస్సు నడచు త్రోవ యొకటి. కనుగొనిన పిమ్మట దానిని గ్రంథమున వ్రాసి చూపు త్రోవ వేఱొకటి. మన పాఠశాలలలో బాలురకు రెండవ త్రోవ మాత్రమే చూపబడుచున్నది. మొదటి త్రోవ యొకటి కలదని కూడ వారికి తెలియదు. గణితబోధనలోని చిక్కులలో ముఖ్యమైనది ఇదియేనని నిరూపించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఇట్టి విషయమును జనవాడ వంటి గ్రామమున నిలిచి విచారించుటకు తగిన కారణము కలదు. జనవాడ బీదరు పట్టణమునకు సమీపముననున్న గ్రామము. ఈ ప్రాంతమున తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ కలిసి మెలిసి వినబడును. 1956 నవంబరు 1వ తేదీ వఱకు బీదరు జిల్లా హైదరాబాదు రాజ్యమున నుండి, పిమ్మట నాటి మైసూరు రాజ్యమున చేరినది. బీదరులో 1472 ప్రాంతమున మహమూద్ గవాను కట్టించిన విద్యాలయముయొక్క శిథిలములు నేటికిని నిలిచియున్నవి. ఇక్కడికి దక్షిణమున, నేటి కలబురగి జిల్లాలోని మళఖేడము పూర్వము మాన్యఖేటమను పేర రాష్ట్రకూట చక్రవర్తులకు రాజధానిగా నుండెను. తెలుగువారి గణితచరిత్రకు మూలము ఆ రాష్ట్రకూట రాజ్యముననే కలదు. అందుచేత మన విచారణను అక్కడనే ఆరంభింతము.

మహావీరాచార్యుని కంఠహారములు

అమోఘవర్ష నృపతుంగుని కాలమున, అనగా 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడను జైన పండితుడు సంస్కృతమున గణితసారసంగ్రహమను గ్రంథమును రచించెను. గ్రంథారంభమున నాతడు ఆ రాజును ప్రశంసించియున్నాడు. 1912లో మద్రాసు ప్రభుత్వమువారు రంగాచార్యులవారి ఆంగ్లానువాదముతో దీనిని ప్రకటించినందున లోకమునకు ఈ గ్రంథము తెలియవచ్చినది.

ఈ గ్రంథములోని గుణకార ప్రకరణమున కొన్ని విచిత్రమైన లెక్కలు కలవు. 139ని 109చే గుణించినచో 15151 వచ్చును. ఎడమనుండి చదివినను కుడినుండి చదివినను అది యొక్కటియే. 152207ను 73చే గుణించినచో 11111111, అనగా వరుసగా ఎనిమిది ఒకట్లు వచ్చును. ఇట్టి లబ్ధములను ఆచార్యుడు కంఠాభరణములతో పోల్చియున్నాడు. బాలుడు ఈ లెక్కను చేయునప్పుడు కష్టపడి గుణించి, చివరకు ముత్యములవలె వరుసతీరిన అంకెలను చూచి ఆనందించును. శ్రమకు ఫలముగా ఒక ఆశ్చర్యమును లభింపజేయుట ఉత్తమమైన బోధనాపద్ధతి యనుటకు సందేహము లేదు.

కాని ఇక్కడ ఒక ప్రశ్న పుట్టవలెను. ఇన్ని వేల సంఖ్యలుండగా 152207 అను సంఖ్య ఆచార్యునికి ఎట్లు దొరికెను? గ్రంథమున ఆ మార్గము చెప్పబడలేదు. అయినను మనము ఊహింపవచ్చును. ఎనిమిది ఒకట్లను చూడుడు. నాలుగు ఒకట్ల ప్రక్కన మఱల నాలుగు ఒకట్లున్నవి. కనుక అది 1111ను 10001చే గుణించిన ఫలము. 10001ని విడదీసినచో 73, 137 అను రెండు కారణాంకములు వచ్చును. 73ను ఒక ప్రక్క నుంచి, మిగిలిన 1111ను 137చే గుణించినచో 152207 వచ్చును. అనగా లెక్కను సృజించినవాడు హారమునుండి బయలుదేరి ముత్యముల వైపునకు వెనుకకు నడచి యుండవలెను. లెక్కను చేయు బాలుడు ముత్యములనుండి హారమునకు ముందుకు నడచుచున్నాడు.

ఉపాధ్యాయుడు "ఈ రెంటిని గుణింపుము" అని చెప్పి ఊరకున్నచో బాలునకు గుణకారము మాత్రమే వచ్చును. "ఈ సంఖ్య ఎక్కడనుండి వచ్చినది? నీవు కూడ ఇట్టి హారము నొకదానిని కూర్పగలవా?" అని యడిగినచో కారణాంకములు, భాగహారము, స్థానవిలువలు అన్నియు ఒక్కసారిగా అతని యవసరములగును. మొదటి ప్రశ్న చేతికి పని చెప్పును; రెండవది గణితజ్ఞుని స్థానమున బాలుని నిలబెట్టును.

పావులూరి మల్లన చేసిన పని

మహావీరుని గ్రంథము పావులూరి మల్లన చేతిలో తెలుగు పద్యరూపమును దాల్చినది. మల్లన 11వ శతాబ్దివాడని పండితుల అభిప్రాయము. తెలుగున మనకు లభించిన గణితగ్రంథములలో అతని సారసంగ్రహగణితము మొదటిదిగా ఎన్నబడుచున్నది. అయితే మల్లన మూలమును మాటకు మాటగా తెనిగింపలేదు. కొన్ని విధానములను విడిచెను. క్రొత్త ఉదాహరణములను చేర్చెను. తన యెదుట కూర్చుండి నేర్చుకొను తెలుగువానికి ఏది కావలెనో ఆలోచించినవాడే ఇట్లు చేయగలడు. అందుచేత మల్లనను అనువాదకుడనుట కన్న ఉపాధ్యాయుడనుట ఎక్కువ సమంజసము.

చదరంగపు గళ్లను గూర్చిన లెక్క పావులూరివారి పద్యముగా తెలుగునాట మిక్కిలి ప్రసిద్ధి చెందినది. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లు అఱువదినాలుగు గళ్లలోను రెట్టింపు చేయుచు పోయినచో మొత్తము గింజలు 1,84,46,74,40,73,70,95,51,615 అగును. ఇరువది స్థానములు గల ఈ సంఖ్యను అంకెలకు సంకేతములైన మాటలలో పొదిగి పద్యమున చెప్పినందున కంఠస్థము చేయుట సులభమైనది. మన పెద్దలలో పలువురు ఈ పద్యమును అప్పగింపగలిగియుండిరి. కాని పద్యము వచ్చినవారందఱకు ఆ సంఖ్య ఎట్లు వచ్చెనో తెలియునని చెప్పజాలము.

ఇప్పుడు గణితజ్ఞుడు ఈ లెక్కను ఎట్లు సమీపించునో చూతము. అతడు అఱువదినాలుగు గళ్లను ఒకేసారి పట్టుకొనబోడు. చింతగింజలు కొన్ని తెచ్చి చిన్నదానితో ఆరంభించును. ఒక గడికి 1, రెండు గళ్లకు మొత్తము 3, మూడింటికి 7, నాలుగింటికి 15. ఈ మొత్తములను చూచినంతనే ఒక ఊహ తోచును. ప్రతి మొత్తమును తరువాతి గడిలో పెట్టవలసిన గింజలకంటె ఒకటి తక్కువగా నున్నది. ఇది ఎల్లప్పుడును నిజమేనా? నిజమైనచో ఎందుచేత? పొరుగువానినుండి ఒక గింజను అరువు తెచ్చి మొదటి గడిలో నుంచుడు. ఒకటి, ఒకటి కలిసి రెండగును. ఆ రెండును రెండవ గడిలోని రెండుతో కలిసి నాలుగగును. ఆ నాలుగు మూడవ గడిలోని నాలుగుతో కలిసి ఎనిమిదగును. ఇట్లు చివరి గడివఱకు మడతపడుచు పోవును. పిమ్మట అరువు తెచ్చిన గింజను తిరిగి ఇచ్చివేసిన సరిపోవును. కనుక 1ని అఱువదినాలుగు మారులు రెట్టించి, వచ్చిన దానినుండి ఒకటి తీసివేసినచో కావలసిన మొత్తము లభించును.

చిన్న ఉదాహరణము, ఊహ, సంశయము, కారణాన్వేషణము అను నాలుగు మెట్లును ఇందు కలవు. గ్రంథములలో చివరి మెట్టు మాత్రమే సూత్రరూపమున కనిపించును. అరువు గింజను తెచ్చిన బాలుడు సూత్రమును మఱచినను మఱల కట్టుకొనగలడు. సూత్రమును మాత్రమే వల్లించినవాడు మఱచిన నాడు రిక్తహస్తుడగును.

ఊహకు హద్దు

ఊహయే గణితమని దీనివలన తలపరాదు. ఒక సంఖ్యను దానిచేతనే గుణించి, ఆ సంఖ్యను మఱల కలిపి, దానికి 41 చేర్చుడు. సున్నతో ఆరంభించినచో 41, 43, 47, 53 అని వరుసగా వచ్చును. ఇవి యన్నియు ప్రధాన సంఖ్యలే. అనగా ఒకటిచేతను తమచేతను తప్ప వేఱొకదానిచేత నిశ్శేషముగా భాగింపబడనివి. ఇట్లు 39 వఱకు ఏ సంఖ్యను తీసికొనినను ప్రధాన సంఖ్యయే వచ్చును. నలువది ఉదాహరణములు సరిపోయిన పిమ్మట ఇక సందేహమేలయని మనకు తోచును. కాని 40ని తీసికొనుడు. 1600, 40, 41 కలిసి 1681 అగును. అది 41ని 41చే గుణించిన ఫలము. ఊహ అక్కడ కూలినది. 18వ శతాబ్దిలో ఆయిలరు అను మహాగణితజ్ఞుడు గుర్తించిన ఈ సంగతిని ఒకమారు చూచిన బాలునకు, ఉపపత్తి యెందుకు కావలెనో వేఱుగా చెప్పనక్కఱలేదు.

శ్రీనివాస రామానుజుని చరిత్రము కూడ ఈ సత్యమునే తెలుపుచున్నది. 1903 ప్రాంతమున కుంభకోణములో అతని చేతికి కార్ అను నాతడు కూర్చిన గణిత సంగ్రహ మొకటి చిక్కెను. అందు వేలకొలది ఫలితములు ఉపపత్తులు లేకయే, లేక అతి సంక్షిప్తముగనే, ఈయబడియుండెను. రామానుజుడు వానిని ఒక్కొక్కదానిని తానే సాధింపబూనెను. కాగితము కొనుట భారమైనందున పలకమీద లెక్కలు చేయుచు, మోచేతితో తుడిచివేయుచు, ఫలితములను మాత్రమే పుస్తకమున వ్రాసికొనెను. ఆలోచన యంతయు పలకమీద నడచి అక్కడనే మాసిపోయినది. మనకు మిగిలినవి చివరి పంక్తులు. 1913 జనవరిలో అతడు కేంబ్రిడ్జిలోని హార్డీకి వ్రాసిన లేఖలో అద్భుతములైన ఫలితములతో పాటు, ప్రధాన సంఖ్యలను గూర్చి కొన్ని పొరపాట్లును ఉండెను. హార్డీ ఆ పొరపాట్లను చూచి లేఖను ప్రక్కకు పెట్టలేదు. వాని వెనుకనున్న శక్తిని గుర్తించెను. పొరపాటు చేయు శిష్యునియెడ గురువు వహింపవలసిన వైఖరికి ఇంతకంటె గొప్ప నిదర్శనము దొరకుట దుర్లభము.

విశ్రాంతిలో పండు ఫలము

ఫ్రాన్సుదేశపు గణితజ్ఞుడు హెన్రీ పాయింకరే 1908లో పారిసునందు చేసిన ఉపన్యాసమున తన మనోవ్యాపారమును తానే వర్ణించెను. ఒక తరగతికి చెందిన ప్రమేయములు ఉండజాలవని నిరూపించుటకు ఆయన పదునైదు దినములు ప్రయత్నించి విఫలుడయ్యెను. ఒక రాత్రి కాఫీ త్రాగి నిద్రపట్టక యుండగా భావములు ఒకదానితో నొకటి ఢీకొని, తెల్లవాఱునప్పటికి అట్టి ప్రమేయములు కలవని తేలెను. కొంతకాలమునకు ఒక యాత్రలో బండి యెక్కుచు మెట్టుమీద కాలు పెట్టిన క్షణముననే, ఆ ప్రమేయములకును వేఱొక జ్యామితికిని గల సంబంధము ఆయనకు స్ఫురించెను. ఇల్లు చేరిన పిమ్మట దానిని తీరికగా సరిచూచుకొనెను.

ఇందు గమనింపవలసినవి మూడు. మొదట కఠిన శ్రమ యుండెను. పిమ్మట విరామముండెను. స్ఫురించిన పిదప పరీక్ష యుండెను. శ్రమ లేనివానికి బండి మెట్టు ఏమియు చెప్పదు. 1945లో హాడమార్డు ఈ విషయముపై ఒక గ్రంథమునే వ్రాసెను. ఆయన యడిగిన ప్రశ్నలకు ఐన్‌స్టీను సమాధానమిచ్చుచు, తన ఆలోచనలో మాటలకు పెద్ద పాత్ర లేదనియు, చిత్రములును శరీరచలనమునకు సంబంధించిన భావములును ముందు వచ్చుననియు, మాటలను పిమ్మట కష్టపడి వెదకుకొందుననియు తెలిపెను. తరగతిలో ప్రశ్న వేసిన అర నిమిషములో చేయి యెత్తినవాడే తెలివిగలవాడని తలచు మనకు ఇది యాలోచింపవలసిన సంగతి.

కలకత్తా తరగతిలో ఒక ప్రశ్న

ఇంతవఱకు చెప్పినదంతయు ఒకేచోట కనిపించు వృత్తాంతము మన తెలుగువారిలోనే కలదు. కల్యంపూడి రాధాకృష్ణ రావుగారు 1920 సెప్టెంబరు 10వ తేదీన హడగలిలో జన్మించిరి. ఆ యూరు నేడు కర్ణాటకములోని విజయనగర జిల్లాలో నున్నది. కన్నడసీమలో పుట్టిన ఈ తెలుగు బాలుడు ఆంధ్రదేశమున చదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమున పట్టము పొంది, కలకత్తాలోని భారత సాంఖ్యక సంస్థలో చేరెను. తన తల్లి లక్ష్మీకాంతమ్మగారు ప్రతిదినము తెల్లవాఱుజామున నాలుగు గంటలకు లేపి, నూనెదీపము వెలిగించి చదువుకొనుమని కూర్చుండబెట్టెడివారని ఆయన కృతజ్ఞతతో స్మరించియున్నారు.

1944లో రావుగారు కలకత్తా విశ్వవిద్యాలయమున అంచనాల సిద్ధాంతమును బోధించుచుండిరి. ఒక బండెడు మామిడికాయల సగటు బరువును, కొన్ని కాయలను మచ్చు తీసి అంచనా కట్టుదుమనుకొనుడు. మచ్చు మారినపుడెల్ల అంచనాయు కొంత మారును. ఎంత నేర్పుతో అంచనా కట్టినను ఈ చెదరును తగ్గించుటకు ఒక హద్దు కలదా? మచ్చు మిక్కిలి పెద్దదైనపుడు హద్దు కలదని ఫిషరు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు తెలిపియుండెను. రావుగారు ఈ సంగతిని చెప్పుచుండగా దండేకరు అను విద్యార్థి లేచి, మచ్చు పరిమితముగా నున్నప్పుడు కూడ దీనిని ఏల నిరూపింపరాదని యడిగెను. రావుగారి యొద్ద అప్పటికి సమాధానము లేదు. ఇంటికి పోయి దాదాపు రాత్రియంతయు శ్రమించి, మఱునాడు దానిని సాధించిరి. 1945లో ఆ ఫలితము కలకత్తా గణిత సంఘ పత్రికలో వెలువడినది. క్రామరు అను స్వీడను శాస్త్రజ్ఞుడును స్వతంత్రముగా దీనిని కనుగొనినందున, ఇది క్రామర్–రావు అసమానత యను పేర నేడు లోకమంతటను బోధింపబడుచున్నది. రావుగారు 2023లో సాంఖ్యకశాస్త్రపు అంతర్జాతీయ పురస్కారమును పొంది, ఆ సంవత్సరము ఆగస్టు 22న 102 ఏండ్ల వయస్సున కీర్తిశేషులైరి.

ఆ యువ ఉపాధ్యాయుడు "ఇది పాఠ్యాంశములో లేదు, కూర్చుండుము" అని యుండినచో ఏమి జరిగియుండును? ఆ ఫలితము మఱియొకరి చేత కనుగొనబడియుండును. ఆ తరగతి మాత్రము ఆ భాగ్యమును కోల్పోయి యుండును. విద్యార్థి ప్రశ్నించుటయు, గురువు తనకు తెలియదని లోలోపల అంగీకరించి శ్రమించుటయు, మఱునాడు అదే తరగతిలో పంచుకొనుటయు కలిసి గణితమైనవి.

బోధకులు చేయదగినది

ఈ వ్యాసకర్త బాల్యములో ఒక పల్లె పాఠశాలలో జరిగిన సంగతి యొకటి ఇక్కడ చెప్పదగియున్నది. 25ను 48చే గుణింపుమనగా ఒక బాలుడు కాగితము ముట్టకయే 1200 అని చెప్పెను. 48లో నాలుగవ వంతు 12, నాలుగు పాతికలు నూఱు, కనుక పండ్రెండు నూఱులు అని అతని తర్కము. సంతలో పెద్దల ప్రక్కన కూర్చుండి నేర్చిన లెక్క అది. క్రమము వ్రాయనందున అతనికి సున్న వేయబడినది. ఆ బాలుడు మఱల ఎన్నడును తన మార్గమును పైకి చెప్పలేదు. కొంతకాలమునకు తనకు లెక్కలు రావని నమ్మసాగెను. మంచి ఆలోచనను మనమే తప్పని ముద్రవేయుట కంటె గొప్ప నష్టము మఱియొకటి లేదు.

కనుక ఉపాధ్యాయులు ఆచరణలో నుంచదగిన నియమములు కొన్ని కలవు. సూత్రమునకు ముందు చిన్న ఉదాహరణములు మూడు నాలుగు బాలురచేత చేయించి, ఊహను వారినోటనే పలికింపవలెను. ఊహ తప్పిన ఉదాహరణమును కూడ చూపవలెను. ఉత్తరము సరియైనను తప్పైనను "ఎట్లు వచ్చినది?" అని యడుగవలెను. వారమునకు ఒక్క లెక్కనైన వెంటనే తేలనిదానిని ఇచ్చి, కొన్నిదినములు గడువీయవలెను. తాము తప్పుగా ఆరంభించి దిద్దుకొను విధమును అప్పుడప్పుడు నల్లబల్లమీద దాచక చూపవలెను. రామానుజుని పలకమీద మాసిపోయినది మన నల్లబల్లమీద నిలువవలెను.

అభ్యాసము అక్కఱలేదని దీని యర్థము కాదు. ఎక్కములు రానివానికి 10001లో 73 కనబడదు. కంఠస్థము చేసినది ఆలోచనకు పనిముట్టు కావలెను గాని ఆలోచనకు బదులు కారాదు. 2005 నాటి జాతీయ విద్యాప్రణాళికా చట్రమును అనుసరించి వెలువడిన గణితబోధనా పత్రము కూడ, బాలుని ఆలోచనను గణితాత్మకముగా చేయుటయే ప్రధాన లక్ష్యమని ప్రకటించియున్నది. లక్ష్యము కాగితముమీద నున్నది; దానిని తరగతికి తెచ్చు భారము గురువులయందును తల్లిదండ్రులయందును కలదు.

కన్నడసీమలోని తెలుగు కుటుంబములకు ఇందు ప్రత్యేకమైన పాత్ర యొకటి కలదు. మన పిల్లలు బడిలో కన్నడముననో ఆంగ్లముననో లెక్కలు నేర్చుచున్నారు. ఇంటిలో తెలుగు మాటాడుచున్నారు. ఆలోచన మాటలకు ముందే పుట్టునని ఐన్‌స్టీను చెప్పెను గదా. పుట్టిన ఆలోచన తొలుత వెదకుకొనునది ఇంటి మాటనే. పావులో పావు వీసమని చెప్పు అవ్వ, భిన్నముల గుణకారమునే చెప్పుచున్నది. ఆమె మాటను బడిలోని సూత్రముతో జతచేసి చూపినచో బాలునకు రెండును స్వంతమగును. మాన్యఖేటపు సంస్కృత గణితమును మల్లన తెలుగువారి ఇంటికి తెచ్చినది ఈ యుద్దేశముతోనే గదా.

జనవాడలోనైనను, మఱి యే యూరనైనను, సాయంకాలమున పిల్లవాడు లెక్కల పుస్తకమును తెచ్చినపుడు ఉత్తరము సరియా తప్పా యని మాత్రమే చూడక, "నీకు ఇది ఎట్లు తోచినది, నాయనా?" అని పెద్దలు అడుగుదురు గాక. ఆ ప్రశ్నకు ఖర్చు లేదు. గొప్ప చదువును అక్కఱలేదు. ఒక తల్లి వెలిగించిన నూనెదీపము ఎంత దూరము వెలుగునిచ్చెనో మనము చూచియే యున్నాము.